51 మంది చెయ్యెత్తితే 49 మంది ఇల్లు ఖాళీ చెయ్యాలా?

కొత్తచెప్పులు

నిన్న రాత్రి ఒక ఫ్రెండుతో మొదలైన గొడవ ఇది. తెల్లారినా నా బుర్రలోంచి పోలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నేను ఈ మధ్య సోషలిజం వైపు మొగ్గుతున్నాను, పుస్తకాలు చదివి కాదు, ఉద్యోగం చూసి. మా ఆఫీసులో ఒకే ఒక్క మెయిలుతో మూడోవంతు మందిని తీసేశారు, అందులో పదకొండేళ్లు చేసినవాళ్లు కూడా ఉన్నారు, ముందుగా ఎవరినీ ఒక్క మాట అడగలేదు. దేశాన్ని ఎవరు నడపాలో కొన్నేళ్లకోసారి నన్ను అడుగుతారు గానీ రోజుకు పది గంటలు నేను బతికే చోటు గురించి మాత్రం ఎవరూ అడగరు, ఇదేం ప్రజాస్వామ్యంరా అన్నాను. వాడు వెంటనే "సరే, అన్నీ ఓటుతోనే తేల్చుకుందాం అంటున్నావు కదా, రేపు 51 మంది చెయ్యెత్తి మిగతా 49 మంది ఇళ్లు తీసేసుకుందాం అంటే ఒప్పుకుంటావా?" అన్నాడు. ఒప్పుకోను అన్నాను. "అయితే నువ్వు సోషలిస్టువి కాదు, కోపంలో ఉన్నావు, అంతే" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి. తిట్టడానికైతే వద్దు, అది నిన్ననే అయిపోయింది.

అడ్డగీత

మీ ఫ్రెండు సరిగ్గానే పట్టుకున్నాడు. పక్కవాడి నోరు మూయించే హక్కు ఒక మనిషికి లేనప్పుడు అలాంటి వందమంది ఒకచోట చేరితే ఆ హక్కు ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? సున్నాని వందతో హెచ్చవేసినా సున్నానే. కొట్టుకు చావకుండా పాలకుణ్ణి మార్చుకోవడానికి కనిపెట్టిన ఏర్పాటు ఓటు, దానికి అంతకుమించిన మహిమలు అంటగట్టొద్దు. క్రీ.పూ. 399లో సోక్రటీస్‌కు మరణశిక్ష వేసింది ఏ నియంతో కాదు, వందల మంది పౌరులున్న జ్యూరీ, అదీ ఓటు వేసి. సోషలిజం అంటే ఆ జ్యూరీ చేతికి మీ బీరువా తాళాలు కూడా ఇవ్వడం.

సైరన్

బీరువా ఉన్నవాళ్లకు బీరువా బాధ. నేను ముప్పై ఏళ్లు మెషీన్ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. గేటు లోపల అడుగుపెట్టాక ఎప్పుడు తినాలి, ఎప్పుడు బాత్రూంకి వెళ్లాలి అన్నది కూడా ఇంకొకడే చెప్పేవాడు. వాడికి నేను ఓటెయ్యలేదు, వాణ్ణి దించే ఓటూ నాకు లేదు. అది దౌర్జన్యం కాదట, అగ్రిమెంటట. ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చట. మానేసి ఎక్కడికి పోతాం, ఇంకో గేటుకే కదా. బాబూ కొత్తచెప్పులూ, నీ కోపం కోపమే కావచ్చు, అంతమాత్రాన అది ఆలోచన కాకుండా పోదు.

పాతకాగితం

మీ ఫ్రెండు వేసిన ప్రశ్నకు దాదాపు 380 ఏళ్ల వయసుంది. 1647 అక్టోబరులో, లండన్ పక్కన పట్నీ అనే చోట, అంతకు ముందే రాజును యుద్ధంలో ఓడించిన సైన్యం కూర్చుని ఇకమీదట ఓటు ఎవరికుండాలి అని రోజుల తరబడి వాదించుకుంది. ఇంగ్లండులో అందరికన్నా బీదవాడికి కూడా గొప్పవాడికి ఉన్నట్టే ఒక బతుకుంది కాబట్టి, తన ఒప్పుదల లేని ప్రభుత్వానికి అతను కట్టుబడనక్కర్లేదు అన్నాడు రెయిన్‌బరో అనే కల్నల్. ఆ సైన్యంలో పెద్ద నాయకుడైన క్రామ్వెల్‌కు అల్లుడు ఐర్టన్ అడ్డం తగిలాడు. ఆస్తి లేనివాళ్లే ఎక్కువ కదా, వాళ్లందరికీ ఓటిచ్చాక అసలు ఆస్తే ఉండకూడదని చట్టం చేస్తే ఆపేదెవరు అన్నాడు. మీ ఫ్రెండు 51 అన్నాడు, ఐర్టన్ అంకె చెప్పలేదు, అంతే తేడా.

ఆ భయాన్ని అడ్డం పెట్టుకునే రెండు శతాబ్దాలకు పైగా బీదవాళ్లకు ఓటు రానివ్వలేదు. చివరికి 1918లో దాదాపు మగవాళ్లందరికీ, 1928లో ఆడవాళ్లకూ సమానంగా ఓటు వచ్చింది. 1945లో సోషలిజం తెస్తామని చెప్పుకునే లేబర్ పార్టీ బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచింది. ఐర్టన్ చెప్పింది జరగాలంటే అంతకన్నా మంచి సమయం ఉండదు. వాళ్లు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండునూ బొగ్గు గనులనూ రైళ్లనూ తీసుకున్నారు, యజమానులకు పరిహారం కట్టి మరీ. 1948లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చారు. ఎవరి ఇంటి తలుపూ కొట్టలేదు. 1951లో ఇంకా విచిత్రం. కన్సర్వేటివ్‌ల కన్నా లేబర్‌కే ఎక్కువ ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం తక్కువొచ్చాయి. లేబర్ ప్రధానమంత్రి అట్లీ మారుమాట్లాడకుండా దిగిపోయాడు. ఎక్కువమంది తమవైపే ఉన్నా రూలు ప్రకారం ఓడిపోయామని ఒప్పుకుని ఇంటికెళ్లిన సోషలిస్టులు వాళ్లు.

అడ్డగీత

ఇంగ్లండు కథ చెప్పి రష్యా కథ మడిచి జేబులో పెట్టుకుంటే ఎలా, పాతకాగితంగారూ? 1917 చివర్లో అక్కడా రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. అప్పటికే అధికారం పట్టిన లెనిన్ పార్టీ, బోల్షివిక్కులకు వచ్చింది సుమారు నాలుగోవంతు ఓట్లు. రైతుల మద్దతున్న సోషలిస్టు రివల్యూషనరీలకు అంతకన్నా చాలా ఎక్కువ. వాళ్లూ సోషలిస్టులే, గమనించండి. 1918 జనవరిలో సభ ఒక్కసారి కూర్చుంది, మర్నాడు బోల్షివిక్కులు తలుపులు మూసేశారు. జనం పేరు చెప్పుకునేవాళ్లకు జనం వేసిన ఓటు నచ్చకపోతే జరిగేది అదీ. సైరన్‌గారూ, గేటు లోపలి దొర గురించి చెప్పారు, మరి దొరే ప్రభుత్వం అయితే? 1962లో సోవియట్ రష్యాలోని నోవోచెర్కాస్క్‌లో మాంసం, వెన్న ధరలు పెంచిన సమయంలోనే ఫ్యాక్టరీలో పీస్ రేట్లు (చేసిన ముక్కకింత అని ఇచ్చే కూలీ) తగ్గించారని కార్మికులు సమ్మె కడితే కాల్చేశారు, ఇరవై మందికి పైగా పోయారు. కార్మిక రాజ్యంలో.

సైరన్

నోవోచెర్కాస్క్ గురించి నాకు తెలుసు. మా రోజుల్లో మాకెవరూ చెప్పలేదు, తర్వాత తెలిసింది. దాన్ని నేను వెనకేసుకురాను.

ఫుట్‌నోటు

వకీలుని, కాబట్టి కొంచెం విసుగు తెప్పిస్తాను. అడ్డగీతగారు "హక్కు" అన్నప్పుడల్లా అది బలహీనుణ్ణి గుంపు నుంచి కాపాడే గోడలా వినిపిస్తోంది. ఎప్పుడూ అలా ఉండదు. 1895లో న్యూయార్క్ శాసనసభ బేకరీ కార్మికులతో రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించి పని చేయించకూడదని చట్టం చేసింది. 1905లో అమెరికా సుప్రీంకోర్టు లాక్నర్ కేసులో 5–4 తేడాతో దాన్ని కొట్టేసింది. ఏ కారణంతో అనుకున్నారు? కార్మికుడికి, యజమానికి ఇష్టమైనట్టు అగ్రిమెంటు చేసుకునే స్వేచ్ఛ ఉందట, చట్టం ఆ స్వేచ్ఛను హరిస్తోందట! ఎక్కువ గంటలు చాకిరీ చేసే హక్కును కోర్టు అంత జాగ్రత్తగా కాపాడింది. ఆ ధోరణి నుంచి బయటపడడానికి 1937 దాకా పట్టింది. సోషలిజం వైపు మనుషులు ఎందుకు పోతారు అని అడిగేవాళ్లు ఈ ఒక్క తీర్పు చదివితే సగం జవాబు దొరుకుతుంది.

కానీ అదే కోర్టు, ఇంకో కథ. 1940లో జెండాకు సెల్యూట్ చెయ్యని యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్ల పిల్లలను బడి నుంచి పంపెయ్యడం సరైనదేనని 8–1తో చెప్పింది. తీర్పు రాగానే దేశంలో చాలాచోట్ల గుంపులు ఆ మతంవాళ్ల మీద పడి కొట్టాయి. మూడేళ్లు తిరిగేసరికి, 1943లో, యుద్ధం మధ్యలో, కోర్టు తన మాట తానే వెనక్కి తీసుకుంది. కొన్ని హక్కులను ఓట్ల పెట్టెకు అందనంత ఎత్తులో పెట్టడానికే హక్కుల పట్టిక ఉన్నది అని జస్టిస్ జాక్సన్ రాశాడు. మన సుప్రీంకోర్టు కూడా 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో అలాంటి పిల్లల పక్షానే నిలబడింది. ముగ్గురు పిల్లలు, జాతీయగీతం అప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. ఓటు పెడితే ఆ ముగ్గురికీ ఎన్ని చేతులు లేచేవో మీకే తెలుసు.

నేనూ_ఒకడినే

ఇంత పెద్ద పోస్టులు ఎవరు చదువుతార్రా బాబూ. సోషలిజం అంటే బద్ధకస్తులకు కష్టపడేవాడి డబ్బు. అయిపోయింది.

లెక్కలమాస్టారు

చదవకుండానే తీర్పు ఇచ్చావు నాయనా, నువ్వు జ్యూరీకి బాగా పనికొస్తావు.

అందరూ మెజారిటీ మంచిదా చెడ్డదా అని కొట్టుకుంటున్నారు, అసలు మెజారిటీ అనేది ఒకటి ఉందా అని నా అనుమానం. ఒక ఫ్యాక్టరీని ఏం చెయ్యాలో ముగ్గురు తేల్చాలి అనుకోండి. మొదటివాడి వరస: ప్రభుత్వానిది, లేకపోతే సహకార సంఘానిది, అదీ కాకపోతే ప్రైవేటు. రెండోవాడిది: సహకారం, ప్రైవేటు, ప్రభుత్వం. మూడోవాడిది: ప్రైవేటు, ప్రభుత్వం, సహకారం. ఇప్పుడు రెండేసి చొప్పున ఓటు పెట్టండి. ప్రభుత్వమా సహకారమా అంటే ఇద్దరు ప్రభుత్వం అంటారు. సహకారమా ప్రైవేటా అంటే ఇద్దరు సహకారం అంటారు. సరే, ప్రభుత్వమే గెలిచింది అనుకుని ఊరుకోకుండా ప్రైవేటుతో పోటీ పెడితే ఇద్దరు ప్రైవేటు అంటారు! గానుగెద్దులా తిరగడమే. ముగ్గురిలో ఎవరూ పిచ్చివాళ్లు కారు, ఎవరి వరస వాళ్లకు శుభ్రంగా ఉంది, గుంపుకి మాత్రం వరస లేదు. 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే దీన్ని పట్టుకున్నాడు, 1951లో అమెరికా ఆర్థికవేత్త కెనెత్ ఆరో ఇంకా గట్టిగా నిరూపించాడు. కాబట్టి "ప్రజల తీర్పు" అని ఎవరైనా గొంతు చించుకుంటే, ఏ రెండింటి మధ్య పెట్టారు, ఏది ముందు పెట్టారు, పెట్టిందెవరు అని అడగండి. చాలాసార్లు అక్కడే పని అయిపోయి ఉంటుంది.

వడ్రంగిపిట్ట

మాస్టారూ, దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. లెక్కపెట్టింది ఎవరిని? 1959లో స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా అని జనాభిప్రాయం అడిగారు. జనం అంటే మగవాళ్లు. మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. 1971లో ఒప్పుకున్నారు. ఒక చిన్న కాంటన్ (మన రాష్ట్రం లాంటిది), అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్, తన సొంత వ్యవహారాల్లో 1990 దాకా ఒప్పుకోలేదు, ఆ ఏడాది వసంతంలో కూడా మగవాళ్లు చేతులెత్తి మళ్లీ వద్దన్నారు, చివరికి ఫెడరల్ కోర్టు చెప్తే వచ్చింది. పద్ధతిగా, ప్రశాంతంగా, ప్రజాస్వామ్యబద్ధంగా మమ్మల్ని లెక్కలోంచి తీసేశారన్నమాట. 51, 49 అని మీరంతా వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తోంది, ఆ వందలో మేము చాలాకాలం లేనే లేం.

ఇంకొకటి కూడా చెప్పి వెళ్తా. క్రీ.పూ. 427లో ఏథెన్స్ సభ, తిరుగుబాటు చేసిన మిటిలీన్ నగరంలో మగవాళ్లందరినీ చంపాలని ఓటు వేసి ఓడ పంపింది. రాత్రి గడిచేసరికి చాలామందికి మనసొప్పలేదు. మళ్లీ సభ పెట్టి, మళ్లీ వాదించుకుని, చాలా తక్కువ తేడాతో మార్చుకుని రెండో ఓడ పంపారు. అది సరిగ్గా సమయానికి చేరింది. నాకు మెజారిటీ మీద నమ్మకం ఏమైనా ఉందంటే ఆ రెండో ఓడ మీదే. మొదటిరోజు ఓడిపోయినవాణ్ణి రెండోరోజు మాట్లాడనిచ్చారు కాబట్టి అది కదిలింది. వాడి నోరు ముందురోజే కట్టేసి ఉంటే?

ఫుట్‌నోటు

కట్టేస్తే ఏమవుతుందో 1933 మార్చి 23న జర్మనీలో చూశాం. హిట్లర్‌కు అంతకు ముందు జరిగిన ఎన్నికల్లో కూడా సగం ఓట్లు రాలేదు, 43.9 శాతమే. మిగతా పార్టీలను బెదిరించి, కలుపుకుని, కమ్యూనిస్టు సభ్యులను అసలు రానివ్వకుండా, సర్వాధికారాల చట్టాన్ని 444–94తో నెగ్గించుకున్నాడు. ఆ 94 సోషల్ డెమోక్రాట్లవి, హాలు చుట్టూ తుపాకులతో మనుషులు నిలబడి ఉండగా వేసినవి. మళ్లీ ఇంకో మెజారిటీ పుట్టకుండా చేసిన మెజారిటీ అది. దీన్ని బట్టి నా లెక్క ఇదీ: మాట, పత్రిక, సంఘం, ఓటు, విచారణ లేకుండా జైల్లో పెట్టకపోవడం, ఇవి మెజారిటీ పాలనకు అడ్డాలు కావు, దాని ఇంజిన్ భాగాలు. ఇవి పీకేస్తే బండే ఉండదు.

కొత్తచెప్పులు

ఆఫీసు నుంచి వచ్చి అన్నీ చదివాను. అందరికీ థాంక్స్. ఫుట్‌నోటుగారి మాట నాకు ఎక్కింది. కానీ ఆ జాబితాలో ఆస్తి లేదు! కావాలనే వదిలారా? ఎందుకంటే మా గొడవంతా దాని దగ్గరే. ఇల్లు వేరు, నాలాంటి రెండువేల మంది పొట్ట పట్టుకుని ఉన్న కంపెనీ వేరు, రెండింటినీ "ఆస్తి" అనే ఒకే మాటలో కట్టిపడేసి వాడు నన్ను ఓడించాడని ఇప్పుడు అనిపిస్తోంది. మా కంపెనీ మీద నేను ఓటు అడిగితే వాడు నాకు వాడి ఇల్లు చూపించాడు.

అడ్డగీత

గీత ఎక్కడ గీస్తారు? ఇద్దరు పనిచేసే చిన్న దుకాణం ఇల్లా, కంపెనీయా? గీత గీసే పెన్ను ఎవరి చేతిలో ఉంటే వాడే దొర.

పాతకాగితం

ఆ పెన్ను విషయంలో అంబేడ్కర్ రెండేళ్లలోపే రెండు రకాలుగా మాట్లాడాడు, అది తెలిస్తే ఇద్దరికీ పనికొస్తుంది. 1947లో ఆయన రాసిన "స్టేట్స్ అండ్ మైనారిటీస్" పత్రంలో కీలక పరిశ్రమలు, బీమా, వ్యవసాయ భూమి ప్రభుత్వ అధీనంలో ఉండాలన్నాడు. అంతటితో ఆగలేదు. అదంతా రాజ్యాంగంలోనే రాయాలి, లేకపోతే ఒక మెజారిటీ తెచ్చినదాన్ని ఇంకో మెజారిటీ తీసేస్తుంది అన్నాడు. అంటే అడ్డగీతగారు ఆస్తిని ఓటుకు అందకుండా పెట్టమంటున్నారు కదా, ఆయన సోషలిజాన్ని ఓటుకు అందకుండా పెట్టమన్నాడు! కారణం కూడా ఊరికే చెప్పలేదు. పని లేనివాడికి ఉద్యోగం ఇస్తాం, కానీ గంటల లెక్క ఉండదు, యూనియన్‌లో చేరకూడదు, నోరెత్తకూడదు అంటే వాడు దేన్ని వదులుకుంటాడు అని అడిగాడు. ఆకలితో ఉన్నవాడి చేతిలో ప్రాథమిక హక్కులు నిలవవని ఆయన బాధ.

1948 నవంబరు 15న రాజ్యాంగ సభలో కె.టి. షా "సోషలిస్టు" అనే మాట చేర్చమని సవరణ తెచ్చినప్పుడు అదే మనిషి వద్దన్నాడు. సమాజాన్ని ఆర్థికంగా ఎలా నడుపుకోవాలో ఆయా కాలాల జనమే తేల్చుకోవాలి, రాజ్యాంగంలో రాసి వాళ్ల చేతులు కట్టెయ్యడం ప్రజాస్వామ్యాన్ని నాశనం చెయ్యడమే అన్నాడు. ఆ మాట చివరికి 1976లో 42వ సవరణతో పీఠికలోకి వచ్చింది. అప్పుడు ఎమర్జెన్సీ, ప్రతిపక్ష నాయకులు చాలామంది జైల్లో ఉన్నారు. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి మామూలు రాజ్యాంగ హక్కు స్థాయికి దిగింది. చిత్రం ఏమిటంటే ఆ రెండో పని చేసింది, మొదటి పని చేసినవాళ్లను ఓడించి వచ్చిన ప్రభుత్వం.

నన్నడిగితే, ఆయన 1948 మాటే నిలబడుతుంది. 1947 ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

లెక్కలమాస్టారు

కొత్తచెప్పులూ, ఓటుండే కంపెనీలు లేకపోలేదు. స్పెయిన్‌లో మోండ్రాగన్ అనే కార్మికుల సహకార సంస్థ చూడు, 1956లో మొదలైంది, సభ్యుడైన కార్మికుడికి తలకొక ఓటు, పెద్ద జీతానికీ చిన్న జీతానికీ మధ్య ఇంత మించకూడదని హద్దు. ఎవరి దగ్గరా లాక్కోలేదు కాబట్టి అడ్డగీతగారికి కూడా అభ్యంతరం ఉండకూడదు. అలాగని స్వర్గమేం కాదు, వాళ్ల ఫాగోర్ కంపెనీ 2013లో దివాలా తీసింది, పైగా బయటిదేశాల్లో పెట్టిన ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలామందికి సభ్యత్వం లేదు. వడ్రంగిపిట్టమ్మ ప్రశ్నే మళ్లీ: లెక్కపెట్టింది ఎవరిని?

అడ్డగీత

దానికి నాకు అభ్యంతరం లేదు, నిజమే. ఇష్టపడి చేరేవాళ్లు చేరొచ్చు, నచ్చనివాళ్లు బయటికి రావచ్చు. సైరన్‌గారు మాత్రం మాట్లాడటం లేదు. యూనియన్‌లో మీరెప్పుడైనా 49లో ఉన్నారా సార్? అక్కడ నచ్చనివాడు బయటికి రాగలిగేవాడా?

సైరన్

ఉన్నాను, ఒక్కసారి. చెప్తాను.

సమ్మె కట్టాలా వద్దా అని గేటు మీటింగులో ఓటు పెట్టారు. చేతులెత్తే ఓటు. నాకు అది సరైన సమయం కాదనిపించింది, సరుకు గోడౌన్లో నిండా ఉంది, యాజమాన్యానికి తొందర లేదు. నేను చెయ్యెత్తలేదు. ఎత్తనివాళ్ల వైపు అందరూ తిరిగి చూశారు, ఆ చూపులు ఇప్పటికీ గుర్తున్నాయి. ఓడిపోయాం, అయినా మర్నాటి నుంచి అందరితో పాటు బయటే కూర్చున్నా, 47 రోజులు. ఒకడు మాత్రం లోపలికి వెళ్లాడు. వాళ్లావిడ ఆస్పత్రిలో ఉంది, ఒక్క రోజు జీతం పోయినా తట్టుకోలేని స్థితి. ముందే వచ్చి చెప్పాడు కూడా, నేను ఓటు కూడా వద్దనే వేశాను అన్నా, నన్నొదిలెయ్యండి అని. వదల్లేదు. వాడి పేరు గోడ మీద రాశాం. గెలిచాం, జీతం పెరిగింది, వాడికీ పెరిగింది, తీసుకున్నాడు. సిగ్గులేదా అని దానికీ తిట్టాం.

రహస్య ఓటు అయితే బాగుండేది అంటారు మీరు. అయితే సమ్మె ఉండేది కాదేమో, ఆ పెంపు కూడా ఉండేది కాదు, దాంతోనే మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాను.

కొత్తచెప్పులు

గోడ మీద రాసినవాళ్లలో మీరున్నారా అంకుల్?

సైరన్

రాయలేదు. డబ్బా పట్టుకున్నాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు వాడూ నేనూ పక్కపక్క మెషీన్ల మీదే చేశాం. స్పానర్ కావాల్సి వస్తే మధ్యలో ఇంకొకడితో అడిగించేవాణ్ణి.